సల్లగాలి ముందొస్తది

శ్రీశైలం బస్సులో ఎడమ వైపు కిటికీ పక్కన కూర్చున్నారు మీరు. సెప్టెంబరు మొదటి వారం. తుక్కుగూడ దాటేసరికి పట్నం పొగ వాసన పోయి తడిమట్టి వాసన మొదలైంది. ముందు సీట్లో ఒక పెద్దమ్మ కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కుదిపినప్పుడల్లా "మల్లన్నా" అంటోంది. పొద్దు పొడిచిందో లేదో చెప్పలేం. తూర్పున ఎరుపు లేదు, తడిసిన గోనెపట్టాలాంటి మబ్బే ఉంది.

మీ జేబులో ఒక కాగితం. దాని మీద ఐదు సమయాలు రాసుకున్నారు. 8:38, 9:02, 9:13, 9:20, 9:27. అవి 2009 సెప్టెంబరు 2, బుధవారం ఉదయానివి. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ ప్రయాణాన్ని విచారణ కమిటీ ఆ నిమిషాలతో కొలిచింది. ఆయనతో పాటు ప్రత్యేక కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ ఉన్నారు. నడిపినవాళ్లు గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. బేగంపేటలో లేచింది 8:38కి.

పటం మీద బేగంపేట నుంచి చిత్తూరుకు గీత గీస్తే అది దాదాపు తిన్నగా దక్షిణానికి దిగుతుంది. ఆ గీత కింద ఈ శ్రీశైలం రోడ్డు మెలికలు తిరుగుతూ చాలాదూరం వెంట వస్తుంది. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి వైపు, డిండి, మన్ననూరు. వాళ్లు యాభై నిమిషాల్లోపు వెళ్లిన దారి, మీ బస్సుకు ఒక పూట. నెమ్మదిగా, పైకి చూసుకుంటూ పోవచ్చనే ఈ బస్సెక్కారు.

ఆమనగల్లులో నలుగురు దిగారు, ఆరుగురు ఎక్కారు. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు, మధ్యమధ్య మక్కచేలు, వాటి వెనక ఏనుగులు పడుకున్నట్టు బండరాళ్ల గుట్టలు. ఇది వాన తక్కువ నేల. పాలమూరు పల్లెల్లో మొగులు దిక్కు చూడటం ఒక అలవాటు కాదు, పని. ఆకాశాన్ని కూడా, మబ్బును కూడా ఇక్కడ 'మొగులు' అనే ఒక్క మాటతోనే పిలుస్తారు. "మొగులైంది" అంటే ఇంకేం చెప్పక్కర్లేదు.

2009లో ఆ మొగులు మొహం చాటేసింది. ఆ ఏడు దేశం మొత్తమ్మీద నైరుతి వాన మామూలుకంటే 22 శాతం తగ్గింది. 1972 తర్వాత అంత కరువు లేదు. అందుకే ఆ బుధవారం పొద్దున మబ్బు పట్టి చినుకు మొదలైతే కింద చేలల్లో ఉన్నవాళ్లు సంతోషించే ఉంటారు. పైన ఏదో చప్పుడు వినబడి తల ఎత్తినా, కనిపించి ఉండేది మబ్బే.

కాగితం మీద లెక్క వేస్తారు మీరు. బేగంపేట నుంచి చివరి చోటు దాకా సరళరేఖలో సుమారు 180 కిలోమీటర్లు. నలభై తొమ్మిది నిమిషాలు. అంటే గంటకు 220 పైచిలుకు కిలోమీటర్ల వేగం. వేగం అంతటా ఒకేలా ఉందనుకుంటే, ఇరవై నాలుగో నిమిషానికి, అంటే 9:02కి, కల్వకుర్తి చుట్టుపక్కల ఉండాలి. సరిగ్గా ఇప్పుడు మీరున్న చోట.

9:02. వాతావరణం బాగాలేదన్న మాట కాక్‌పిట్‌లో వినిపించింది అప్పుడే. దారికి కాస్త ఎడమకు జరుగుదామనుకున్నారు. దక్షిణానికి పోయేవాడికి ఎడమ అంటే తూర్పు. దేవరకొండ వైపు, నల్లగొండ నేల వైపు. మీరు ఈ కిటికీ ఎంచుకున్నది అందుకే. ఇప్పుడు చూస్తే ఆ వైపు మబ్బు కొంచెం పలచగా, పాలు కలిపిన చాయ్ రంగులో ఉంది. కుడి వైపున ముదురు. జరగాలనిపించడంలో తప్పేం కనిపించదు.

అప్పుడు వాళ్లు ఉన్న ఎత్తు 5,500 అడుగులు. వినడానికి చాలా ఎత్తే. కానీ విమానాల వాళ్లు ఎత్తును సముద్రం నుంచి కొలుస్తారు. బేగంపేట రన్‌వేనే సముద్రానికి 1,740 అడుగుల పైన ఉంది. ఈ పీఠభూమి మీద ఎగిరేవాడికి ఆ 5,500లోంచి మొదటే రెండు వేల దాకా నేల తినేస్తుంది. ముందు నల్లమల ఉంది. అది ఇంకా తింటుంది.

ఇంకో సంగతి ఈ రోడ్డు మీద కూర్చుంటేనే బాగా అర్థమవుతుంది. విమానాశ్రయాల్లో గంటగంటకూ, అరగంటకూ వాతావరణం రాసి పంపుతారు. గాలి ఎటు, చూపు ఎంత దూరం ఆనుతోంది, ఉరుముల మబ్బు ఉందా. కానీ ఆ రాత ఆ విమానాశ్రయానికి, దాని చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్లకే. హైదరాబాద్ గురించి తెలుస్తుంది, తిరుపతి గురించి తెలుస్తుంది. నడుమ కల్వకుర్తి మీద ఏముంది, అమ్రాబాద్ మీద ఏముంది, ఆత్మకూరు మీద ఏముంది? ఓర్వకల్లు విమానాశ్రయం వచ్చింది 2021లో. ఆ రోజున ఈ దారిలో మబ్బును చూసి రాసే విమానాశ్రయపు కన్ను లేదు. ఉన్న కళ్లు గొర్లకాపరులవి, వాళ్లను ఎవరూ అడగరు.

డిండి దగ్గర బస్సు ఆగింది. ఇది నల్లగొండ జిల్లా. రోడ్డు ఇక్కడ కొద్దిసేపు జిల్లా మారి మళ్లీ పాలమూరు వైపు పోతుంది. పది నిమిషాలన్నాడు కండక్టర్. చాయ్ గ్లాసు పట్టుకుని బండి వెనక్కి నడిచారు. దూరాన డిండి ప్రాజెక్టు నీళ్లు మబ్బు రంగులోనే ఉన్నాయి, ఎక్కడ నీళ్లు ఆగి ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియకుండా. రోడ్డు పక్క బీడులో ఒక ముసలాయన. భుజాన గొంగడి, చేతిలో కట్టె, ముందు నలభై యాభై గొర్లు.

"ఏం సారు, గా మొగులు దిక్కే జూస్తున్నరు?"

"వాన పడ్తదా పెద్దనాయనా?"

ఆయన జవాబు చెప్పలేదు. కట్టెతో దక్షిణం వైపు చూపించాడు. పరుచుకున్న బూడిదరంగు మబ్బులో ఒకచోట అడుగు నల్లగా, బల్లపరుపుగా ఉంది. దాని పైభాగం పరదా వెనక దాగి అక్కడక్కడ మాత్రమే కనబడుతోంది.

"పైన గోబిపువ్వు లెక్క ఉబ్బింది, కండ్లవడ్డదా? కింద నల్లగున్నది. అది గుంజుతది."

"ఏం గుంజుతది?"

"గాలిని. ఇప్పుడు జూడు, చెట్టాకు కదుల్తలేదు. ఉక్కపోస్తున్నది. అది గుంజుకుంటున్నది. ఇంక కొంచెం సేపైతే ఇడుస్తది. సల్లగాలి ముందొస్తది, ఎనుక వానొస్తది. సల్లగాలి తగిలినంక గొర్లను చెట్టు కింద ఉంచొద్దు, గుట్ట మీద ఉంచొద్దు."

"ఎంతసేపట్ల వస్తది?"

"గడియారం నాకేం దెల్సు సారు. గొర్లు దగ్గరకు ముడుసుకుంటయి. అప్పుడు మలుపుకోవాలె."

గుంజుతది, ఇడుస్తది. ఉరుముల మబ్బు గురించి మీరు చదివిన లావు పుస్తకాల సారం ఈ రెండు మాటల్లో ఉంది. నేల మీది వేడిగాలి, తేమతో సహా, పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ తేమ నీటిచుక్కలుగా మారుతుంది. మారేటప్పుడు వేడిని వదులుతుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి తోస్తుంది. అలా అది పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. ఇది గుంజే కాలం. తర్వాత చుక్కలు బరువెక్కి, గాలి మోయలేక జారతాయి. జారుతూ పక్కనున్న గాలిని వెంట లాక్కొస్తాయి. దారిలో పొడిగాలి కలిస్తే కొన్ని చుక్కలు ఆవిరవుతాయి. మట్టికుండలో నీళ్లు ఎలా చల్లబడతాయో ఆ గాలి అలా చల్లబడుతుంది. చల్లబడితే బరువు. బరువైతే ఇంకా జోరుగా కిందికి. ఇది విడిచే కాలం. ఆ గాలి నేలకు తగిలి, బిందె బోర్లిస్తే నీళ్లు గచ్చు మీద పరుచుకున్నట్టు నాలుగు దిక్కులా పరుచుకుంటుంది. ముసలాయన ముఖానికి తగిలే సల్లగాలి అదే.

ఆయనకు అది శుభవార్త, మనక్కూడా. ఎండకు ఎండిన పాలమూరు మనిషికి వానకు ముందొచ్చే ఆ గాలి కంటే తీపి ఏముంది? కానీ ఆ గాలి మీ ముఖానికి అడ్డంగా తగిలేముందు పైనుంచి నిలువుగా పడింది. పడే దారిలో ఏదైనా ఎగురుతుంటే దాని నెత్తిన పడింది.

ఈ నిలువు గాలిని ఆనవాలు పట్టినవాడు టెట్సుయా ఫుజిటా, జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన శాస్త్రవేత్త. 1945లో నాగసాకి, హిరోషిమా శిథిలాల్లో తిరిగినప్పుడు ఒక నడిమి బిందువు నుంచి చుట్టూ బయటికి పడి ఉన్న చెట్లను చూశాడు. దాదాపు ముప్పై ఏళ్లకు, సుడిగాలులు కొట్టిన అడవి మీద విమానంలో తిరుగుతుంటే చెట్లు మళ్లీ అలాగే, నక్షత్రంలా పడి కనిపించాయి. సుడిగాలైతే మెలితిప్పి పడేస్తుంది, ఇది పైనుంచి గుద్దినట్టుంది. 1975లో న్యూయార్క్‌లో దిగబోతున్న ఒక ప్రయాణికుల విమానం కూలినప్పుడు దోషి అదే గాలి అన్నాడు. తోటివాళ్లలో చాలామంది నమ్మలేదు. నమ్మడానికి ఏళ్లు పట్టింది. డిండి బీడులో నిలబడి ఉంటే ఒక్క పూటలో నమ్మేవాళ్లేమో.

హారన్ మోగింది. గ్లాసు అందించి పరుగెత్తారు.

హాజీపూర్ దాటితే నేల మారుతుంది. అచ్చంపేట కుడివైపుకు పోయింది. ఎదురుగా నల్లమల గోడలా లేస్తోంది. మీరు వెనక్కి తిరిగి చూస్తారు. కల్వకుర్తి నుంచి ఇక్కడి దాకా దారి పొడవునా ఏం చూశారు? బీడు. చదును చేలు. బడుల ముందు మైదానాలు. హెలికాప్టర్‌కు రన్‌వే అక్కర్లేదు. నేల కనిపిస్తే చాలు, ఏ చేనులోనైనా దిగుతుంది. 9:02 నుంచి 9:13 దాకా పదకొండు నిమిషాలు వాళ్ల కింద ఉన్నది ఈ నేలే. కిందికి చూపు ఎంతవరకు ఆనిందో ఇక్కడ కూర్చుని చెప్పలేం. ముఖ్యమంత్రిని తీసుకుని పత్తిచేనులో దిగితే నలుగురూ ఏమంటారన్న జంకు ఉందో లేదో కూడా చెప్పలేం. ఆ మనసుల్లోకి పోయే దారి మనకు లేదు. కానీ పటం ఒక మాట చెబుతుంది. మన్ననూరు దాటాక చేలు దాదాపు లేవు.

మన్ననూరు. రాత్రిళ్లు బండ్లను ఆపే అటవీశాఖ చెక్‌పోస్టు. గేటు పైకి లేచింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వచ్చారు. కాగితం తీసి చూసుకుంటే ముప్పై ఐదో నిమిషం. 9:13. లెక్క ప్రకారం ఈ చుట్టుపక్కలే వాళ్లు జోరువానలోకి వెళ్లిపోయారు. అక్కడి నుంచి దారి చూపింది వాతావరణ రాడారే.

ఆ రాడార్ గురించి మూడు ముక్కలు. అది ముక్కులోంచి అల పంపుతుంది, నీటిచుక్కలకు తగిలి వెనక్కొచ్చిన దాన్ని తెర మీద రంగుల్లో వేస్తుంది. ఆకుపచ్చ అయితే చినుకు. పసుపు అయితే వాన. ఎరుపు అయితే దగ్గరికి పోవద్దు. కానీ అది చూసేది చుక్కలనే, గాలిని కాదు. కిందికి విరుచుకుపడే గాలికి రంగు లేదు. ఇంకో చిక్కు, ముందు జోరువాన ఉంటే అల అక్కడే ఇంకిపోయి దాని వెనక ఏముందో తెరకు రాదు. వెనక నల్లగా, ఖాళీగా, దారిలా కనిపిస్తుంది. చాలామందిని ఆ ఖాళీ పిలిచి మోసం చేసింది. అందుకే పైలట్లకు నేర్పే సూత్రం కఠినంగా ఉంటుంది. పెద్ద ఉరుముల మబ్బుకు ఇరవై నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు, ఎడంగా పోవాలి. డిండికీ మన్ననూరుకూ మధ్య కూడా అంత దూరం ఉన్నట్టు లేదు.

మే నెల మబ్బైతే తప్పుకోవడం తేలిక. నీలాకాశంలో ఒంటిస్తంభం మేడలా నిలబడి ఉంటుంది, చుట్టు తిరిగి పోవచ్చు. రాళ్లవాన తెస్తుంది, గాలిదుమారం లేపుతుంది, కానీ దొంగచాటుగా రాదు. సెప్టెంబరు మబ్బు అలా కాదు. ముసురు పట్టిన ఆకాశమంతా ఒకే బూడిద రంగు. దాని కడుపులో ఎక్కడో ఒకటి, గోబిపువ్వు తలతో, దాక్కుని ఉంటుంది. పైలట్లు 'సీబీ' అని పొట్టిగా పిలిచేది దీన్నే. ముసురులో దాగిన సీబీ అంటే వాళ్లకు గుండె ఝల్లుమంటుంది. మబ్బులోకి వెళ్లాక మనిషి చెవి లోపలి తూకం పనిచేయదు. ఒరిగామా, దిగుతున్నామా, తిన్నగా ఉన్నామా అన్నది ఒంటికి తెలియదు. గడియారాల్లాంటి పరికరాల ముళ్లనే నమ్మాలి.

బస్సు ఎక్కుతోంది. చెవులు గుయ్‌మంటున్నాయి. ఫరహాబాద్ గేటు దగ్గర చెట్ల కొమ్మల్లో మబ్బు చిక్కుకుని ఉంది. ఇక్కడ నేల ఎత్తు సముద్రానికి సుమారు 2,800 అడుగులు. 5,500లోంచి తీసేయండి. మిగిలింది 2,700. ఉరుముల మబ్బులోంచి పడే గాలి బాగా ఉధృతంగా ఉంటే నిమిషానికి 6,000 అడుగుల దాకా ఉంటుందని పైలట్ల పుస్తకాల్లో రాసి ఉంది. హెలికాప్టర్ తన బలమంతా పెట్టి పైకి లేచినా నిమిషానికి వెయ్యి పైచిలుకే. ఈ లెక్కను ఎవరైనా వేలిముడుల మీద చేయొచ్చు. అర నిమిషం. ఆ రోజు పడ్డ గాలి ఎంత అన్నది ఈ లెక్క చెప్పదు. ఎంత వ్యవధి మిగులుతుందో మాత్రం చెబుతుంది.

వటవర్లపల్లి వచ్చేసరికి ముందు అద్దం మీద మొదటి చుక్క పడింది. రూపాయి బిళ్లంత. కిటికీలోంచి ఒక్కసారిగా చల్లటి గాలి. పెద్దమ్మ కొంగు లాక్కుంది. "అబ్బ, సల్లగ తగిలింది" అంది ఎవరో. మీరు మాత్రం చేతి గడియారం చూసుకున్నారు, ఎందుకో.

మూడు నిమిషాల్లో వాన దిగింది. చినుకు, జల్లు అనే మెట్లు లేవు. అడవి కనపడటం ఆగిపోయింది. వైపర్లు ఇటు తుడిస్తే అటు కమ్ముకుంటోంది. దోమలపెంట దాటాక, ఘాట్ దిగే మలుపుకు ముందు కాస్త వెడల్పున్న చోట డ్రైవర్ బస్సును పక్కకు తీసి ఆపేశాడు. ఇంజను బంద్. హెడ్‌లైట్లు వేసే ఉన్నాయి.

కిందికి దిగితే కృష్ణ. దాటితే శ్రీశైలం.

9:20. నలభై రెండో నిమిషం. లెక్క ప్రకారం వాళ్లు ఈ నది దగ్గరే. అప్పటికి వాళ్ల మాటల్లో కృష్ణ దాటాలన్న ఆరాటం వినిపించిందని నివేదిక చెప్పింది. ఆ ముక్క చదివినప్పుడు మీకు వింతగా అనిపించింది. నదికి మబ్బుతో ఏం పని? మబ్బుకు ఒడ్డు ఉంటుందా? కానీ మనిషికి ఉండాలి. ఆ గీత దాటితే గండం గడిచినట్టు, అవతల తేటగా ఉన్నట్టు ఏదో ఒక గుర్తు కావాలి. ఇంత దూరం వచ్చాం, ఇంకెంత, ఆ నది దాటేస్తే. ఇలా అనుకోనివాళ్లు ఎవరు?

అప్పుడే ఇంకొకటి వచ్చి పడింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ తగ్గినట్టు సూచన. రెక్కల్ని తిప్పే గేర్‌బాక్సు నూనె. కెప్టెన్ రెడ్డి అత్యవసర పుస్తకం తెరిచి వెతకడం మొదలుపెట్టారు. ఆ వెతుకులాట, దాని మీద చర్చ ఆరు నిమిషాలకు పైగా సాగాయి. ఆరు నిమిషాలంటే ఈ నేల మీద ఒక చాయ్. అక్కడ 20 కిలోమీటర్లకు పైగా. ఆ సేపంతా ఇద్దరి కళ్లూ ఎక్కడున్నాయి? పవన్ హన్స్ హెలికాప్టర్ల సంస్థకు అప్పటి అధిపతి ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని కమిటీ చివరకు చెప్పిన సారం అదే. పైలట్ల ధ్యాస ఆ నూనె చిక్కు మీదికి మళ్లింది. ఈలోగా బయట మబ్బు వాళ్లను లోపలికి తీసుకుంది. పైనుంచి విరుచుకుపడ్డ గాలిలో హెలికాప్టర్ అదుపు తప్పింది.

9:27. కాక్‌పిట్ టేపులో చివరన కెప్టెన్ రెడ్డి గొంతు, "గో అరౌండ్" అని మళ్లీ మళ్లీ. దిగబోయే పైలట్ దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడానికి వాడే మాట అది. లేపు, లేపు అన్నట్టు. ఆ నిమిషం యాభై ఏడో సెకనుకు రికార్డు ఆగింది.

మీరు కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టారు. చల్లగా ఉంది. అవతల ఒడ్డున ఎక్కడో, వాన వెనక, రుద్రకొండ దగ్గర పావురాల గుట్ట. ఆ రోజు మధ్యాహ్నం నుంచి టీవీల్లో ఒకే మాట, హెలికాప్టర్ ఆచూకీ లేదు. అత్యవసర సంకేతం ఏదీ అందలేదు. సుఖోయ్ విమానాలు వచ్చాయి, ఇస్రో వెతికింది, సీఆర్‌పీఎఫ్ జవాన్లు అడవిలోకి దిగారు, దారి తెలిసిన చెంచులు నడిచారు. అదే మబ్బు, అదే ముసురు వెతికేవాళ్లకూ అడ్డం పడింది. మర్నాడు 3వ తేదీ ఉదయం వాయుసేన హెలికాప్టర్‌కు శకలాలు కనిపించాయి. ఆ గుట్టకు దగ్గరి నల్లకాలువలో ఇప్పుడు ఆయన స్మృతివనం ఉంది.

కుట్ర అన్న మాట చాలాకాలం నలిగింది. ఆ పుకారుతో షాపుల మీద దాడులు కూడా జరిగాయి. అంత పెద్ద మనిషిని ఒక మబ్బు తీసుకుపోయిందంటే నమ్మడం కష్టం. శత్రువుకు ముఖం ఉంటే బాగుండనిపిస్తుంది. అంతకు ఏడేళ్ల ముందు, 2002 మార్చి 3న, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి హెలికాప్టర్ చూపు ఆనని ఉదయాన కైకలూరు దగ్గర చేపల చెరువులో పడింది. పావురాల గుట్ట తర్వాత రెండేళ్లకు, 2011లో, అరుణాచల్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూ తవాంగ్ నుంచి బయల్దేరి కొండల్లో పోయారు. ముగ్గురూ పొద్దుటి పూట, వేరేచోట ఎవరో ఎదురుచూస్తుండగా.

వెనక సీట్లోంచి ఒకాయన లేచాడు.

"ఏం డ్రైవరన్నా, ఎంతసేపు? పదకొండు గంటలకు అభిషేకం టికెట్ ఉన్నది మాకు."

డ్రైవర్ తల తిప్పలేదు. "కనపడ్తలేదు సారు."

"గంట దారి గూడ లేదు గద. మెల్లగ పోనీయరాదు?"

"మెల్లగైనా కనపడాలె గద."

ఇంకొకరు అందుకున్నారు. ముందు ఒక కారు పోయింది, చూశారా, అది పోలేదా అన్నారు. నిజమే, ఒక తెల్లకారు వెనక దీపాలు వెలిగించుకుని మిమ్మల్ని దాటి మలుపులోకి దిగిపోయింది. ఎర్రదీపాలు రెండు క్షణాలు కనిపించి వానలో కలిసిపోయాయి. కండక్టర్ సర్దిచెప్పబోయాడు. పెద్దమ్మ మాత్రం సంచి కింద పెట్టి, "మల్లన్న యాడికి పోతడు బిడ్డా, ఆడనే ఉంటడు" అని కాళ్లు సీటు మీదికి ముడుచుకుంది. మీకు డిండి గొర్లు గుర్తొచ్చాయి.

వాన చప్పుడు ఒక్కసారి తగ్గి, మళ్లీ హోరెత్తింది. తగ్గినప్పుడు వెనకాయన "అయిపోయింది, తియ్" అన్నాడు. డ్రైవర్ తీయలేదు. స్టీరింగు మీద మోచేతులు ఆనించి, అరచేత్తో లోపలి అద్దం మీద ఆవిరి తుడిచి, ఆ తుడిచినంత మేర బయటికి చూస్తున్నాడు. మలుపు దగ్గర తెల్లరంగు వేసిన రాయి ఒకటి ఉండాలి. అది కనపడాలి అతనికి. కాసేపటికి మీరూ ఆ రాయి కోసమే చూడటం మొదలుపెట్టారు. అద్దం మళ్లీ మసకబారింది. అతను మళ్లీ తుడిచాడు.